కణములోని రాకపోకలు

మాది ఎర్రమంచి. మా నాయనగారు లారీ నడుపుదురు. పెనుకొండ ప్రాంతపు చింతపండు బస్తాలను హిందూపురపు మండీలకు చేర్చుట వారి పని. ఆ వృత్తిని తోటివారి యెదుట చెప్పుకొనుటకు నేను కొంతకాలము సిగ్గుపడితిని.

నిరుడు మా జీవశాస్త్రోపాధ్యాయులు తరగతిలో "మైటోకాండ్రియా యననేమి?" అని యడిగిరి. "కణమునకు శక్తి నిచ్చు కేంద్రము" అని తడుముకొనక చెప్పితిని. "ఆ శక్తి దేనికి?" అని మరల నడుగగా నోరు మెదపలేకపోతిని. పరీక్షలోను ఆ ప్రశ్నయే వచ్చెను, నేను తప్పితిని.

వేసవి సెలవులలో ఒకనాటి రాత్రి నాయనగారి వెంట పోవుచుండగా, డీజిలు అయిపోయి లారీ దారిలో నిలిచిపోయెను. బస్తాలు నిండుగా నున్నవి, ప్రతి బస్తాపైని చేరవలసిన మండీ గుర్తు కలదు, బాటయు బాగున్నది. ఐనను బండి కదలలేదు. తెల్లవాఱుజామున నాయనగారు కాలినడకను పోయి డబ్బాతో డీజిలు తెచ్చి పోసిన పిమ్మటనే కదలినది. ఉపాధ్యాయుల ప్రశ్న నాకప్పుడు జ్ఞప్తికి వచ్చెను.

ఇల్లు చేరి పుస్తకము తెఱచితిని. కణములో తయారైన ప్రోటీనులలో అనేకములు చిన్న తిత్తులలో మూటగట్టబడి, సూక్ష్మనాళికలనెడు బాటల వెంట సాగును. తిత్తిపైని ఒక ప్రోటీను గుర్తుగా నుండును. దానికి సరిపడు గుర్తు గల పొరతోనే అది కలియును. ఈ రవాణా రహస్యములను విశదపఱచినందులకు రోథ్‌మన్, షెక్‌మన్, సూడాఫ్ అను మువ్వురకు 2013లో నోబెల్ బహుమానము లభించెను. తిత్తిని మోయు కూలీలలో కైనెసిన్ అను ప్రోటీను ఒకటి. దాని యడుగు 8 నానోమీటర్లు. అడుగడుగునకు ఒక్క ఏటీపీ అణువు ఖర్చు. ఆ ఏటీపీలో అధికభాగమును తయారుచేయునవి మైటోకాండ్రియాలే. వింత యేమనగా, వెన్నునుండి కాలివ్రేళ్లవఱకు మీటరు పొడవున సాగు నాడీకణములో మైటోకాండ్రియాలను సైతము ఈ కూలీలే మోసి దూరపు కొనలకు చేర్చును. అన్నము వండువానిని అన్నము తినువాడే మోసికొనిపోవునట్లున్నది!

ఈ ఏటీపీని 1929లో కండరములనుండి కనుగొన్నవారిలో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్కేగారితో కలిసి ఆ పని సాధించిరి; అదే యేట జర్మనీలో లోమన్‌గారును వేఱుగా దానిని కనుగొనిరి. అట్టి సుబ్బారావుగారు మెట్రిక్యులేషను పరీక్షలో మూడవమాఱు గాని ఉత్తీర్ణులు కాలేదట. ఈ సంగతి చదివిన రాత్రి నేను మరల పాఠమునకు కూర్చుంటిని.

"ఆ శక్తి దేనికి?" అని నన్నిప్పుడెవరైన నడిగిన, "పెక్కు పనులకు, అందులో మోయుట యొకటి" అని చెప్పుదును. మా నాయనగారేమి చేయుదురని యడిగినను, "మోసి చేర్చుదురు" అని తలయెత్తి చెప్పుదును.