గాలము వేయుటకు ముందు

చేపల వేట కేవలము అదృష్టముపై ఆధారపడినదని పలువురు తలంతురు. గట్టుపై గాలము వేసి కూర్చుండుట మాత్రమే వారి కన్నులకు కనబడును. కాని నేర్పరి యైనవాడు నీటి యొద్దకు చేరక మునుపే సగము పని ముగించుకొనును. అది ఏ నీరు, ఎవరి నీరు, ఏ కాలపు నీరు అను మూడు ప్రశ్నలకు అతడు ఇంటి యొద్దనే సమాధానము వెదకికొనును.

చిత్తూరు జిల్లాలో కుప్పమునకు చేరువనున్న శాంతిపురములో ఒక వృద్ధ రైతు కలడు. గాలము వేయుటలో ఆయనకు మంచి పేరు. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ వెంట కృష్ణా జలములు కుప్పము సీమకు చేరినవి. నాటినుండి ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆయన మనుమని నోట చేపల మాటయే. ఒకనాడు ఆ బాలుడు, “తాతా! మన ఊరి చెరువులు చూచినవే కదా. ఉత్తరముగా పోయి, ఎవరును అంతగా ఎరుగని చెరువులలో, ఏరులలో గాలము వేయుదము” అని పట్టుపట్టెను. వృద్ధుడు కాదనలేదు. “తొలుత కాగితముపై ప్రయాణము చేయుము, నాయనా. కాళ్ళతో తరువాత పోవచ్చును” అనెను.

బాలుడు పటము తెచ్చి వెంకటగిరికోట, పలమనేరు, పుంగనూరు, మదనపల్లెల మీదుగా గీత గీసి, ఏడు చోట్లను గుర్తించెను. తాత వానిని పరిశీలించి ఇట్లు చెప్పెను: “పాలారు నందికొండలలో పుట్టి, మన రాష్ట్రములో 33 కిలోమీటర్లు మాత్రమే పారి, తమిళనాడు చేరును. కౌండిన్య కూడ దానిలోనే కలియును. మదనపల్లె చెంత పారు బాహుద నీరు మాత్రము చెయ్యేటి ద్వారా పెన్నను చేరును. ఈ ఏరులలో పెక్కు నెలలు ఇసుకయే కాని నీరుండదు. ఇక కౌండిన్య అడవి 1990లో అభయారణ్యమైనది. అది ఏనుగుల నెలవు. అనుమతి లేనిదే అందు అడుగిడరాదు.” బాలుడు రెండు చోట్లను కొట్టివేసెను.

“చెరువులకు అడ్డులేదు కదా?” అని అతడడిగెను.

“చెరువులోని చేపకు యజమాని ఉండును. బొచ్చె, రాగండి, మోసు అనునవి వానకాలమున ప్రవహించు ఏటి నీటిలో గ్రుడ్లు పెట్టునే కాని, నిలిచిన చెరువు నీటిలో సాధారణముగా పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు పీయూష గ్రంథి సారమును సూదితో ఎక్కించి, ఇట్టి చేపలచే గ్రుడ్లు పెట్టించెను. ఆ తేదినే మన దేశమున మత్స్యరైతుల దినముగా జరుపుకొందురు. ఆ పద్ధతిని పుట్టించిన పిల్లలను మత్స్యకారులు కొని తెచ్చి చెరువులలో విడుతురు. వారిని అడుగక గాలము వేయుట పరుల చేనిలో కంకి కోయుట వంటిది.” బాలుడు చెరువుల ప్రక్క ‘అనుమతి’ అని వ్రాసికొనెను.

తరువాత కాలమును గూర్చిన మాట వచ్చెను. మొరవ పారునప్పుడు చేపలు గుంపులుగా ఎదురెక్కును గనుక అప్పుడే పోవలెనని బాలుని కోరిక. “ఎదురెక్కు చేప కడుపులో గ్రుడ్లుండును. పైగా వానల వేళ ఏటిని నమ్మరాదు. 2021 నవంబరు 19న చెయ్యేటి వరదకు అన్నమయ్య జలాశయపు కట్టయే తెగి, ఊళ్ళు మునిగి, జనులు ప్రాణములు కోల్పోయిరి. సంక్రాంతి దాటిన పిదప పోదము” అని వృద్ధుడు నిర్ణయించెను. వెదురు కోల, దారము, బెండు, వానపాముల డబ్బాలతో పాటు పొడవైన త్రాడును, మూత బిగించిన ఖాళీ డబ్బాను జాబితాలో చేర్పించెను. పూడికమన్ను త్రవ్విన గోతులు నీటి క్రింద కానరావు. ఎవరైనను అందు పడినచో వెంట దూకక, త్రాడు కట్టిన డబ్బాను విసరవలెనని బోధించెను.

“కొరమీను దొరకునా, తాతా?”

“దొరకును. దాని ఎర్రని పిల్లలు నీటిపై గుంపుగా తిరుగుచుండగా పెద్ద చేప క్రింద కావలి యుండును. అచ్చట గాలము వేసినచో పిల్లలను కాపాడుకొనుటకు వచ్చి కరచును. దానిని పట్టుట మిక్కిలి సులభము. కాని దానిని తీసినచో పిల్లలు ఇతర చేపల పాలగును.”

బాలుడు కొంతసేపు ఊరకుండి, “ఎవరును చూడని చోట ఒక్కదానిని పట్టిన నేమి?” అనెను.

“ఎవరును ఎరుగని నీరు కావలెనని నీవే కదా కోరితివి! విషము కలిపియు, మందుగుండు ప్రేల్చియు చేపలను చంపరాదని 1897లోనే చట్టము చేసిరి. అయినను ప్రతి మడుగు చెంత కాపలా పెట్టుట ఎవరి తరము? అట్టి నీటికి అచ్చటికి పోవువాడే కావలివాడు.”

ఆ రాత్రి బాలుడు కాగితమును తిరుగ వ్రాసెను. ఏడు చోట్లలో మూడు మాత్రమే మిగిలెను. అడుగున తనంతట తానే ఒక వాక్యము చేర్చెను: “ఎర్ర పిల్లల గుంపు కనబడినచో గాలము చుట్టుకొని మరియొక చోటికి పోవలెను.” వృద్ధుడు దానిని చదివి, చూరున దోపిన వెదురు కోలను తీసి మనుమని చేతికిచ్చెను.