పడికట్టు రాయి

మా తెలుగు పంతుళ్ళ లోకంలో పడికట్టు రాయికి బొత్తిగా మర్యాద లేదు. కుర్రవాడు వ్యాసంలో అరిగిపోయిన మాటలు వాడితే "ఇవన్నీ పడికట్టు మాటలోయ్" అంటూ ఎర్రసిరాతో గీత గీసి పారేస్తాం. పాపం, ఆ రాయి చేసిన నేరమేమిటి? త్రాసులో ఒక తట్టలో కూర్చుని, రెండో తట్టలో ఉన్నదాని నిజం చెప్పడమే గదా!

రష్యాలో ఈ రాయికి పట్టిన యోగం వేరు. అక్కడ ధాన్యం తూచడానికి పిడి ఉన్న ఇనపగుండ్లు వాడేవారు. దాని పేరు గిర్య. తూకం పూడ్లలో చెప్పేవారు; ఒక పూడు మన లెక్కకు 16 కిలోల పైచిలుకు. ఎదురుగా అంత బరువుంటే వయసులో ఉన్నవాళ్ళు ఊరుకుంటారా? మన పల్లెల్లో సంగిడిరాయి ఎత్తినట్టే, వాళ్ళూ దాన్ని ఎత్తి మీసం దువ్వారు. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గులో క్రాయెవ్‌స్కీ అనే డాక్టరుగారు బలసాధకులకోసం ఒక సంఘం పెట్టి, ఈ వేడుకను శాస్త్రంగా మార్చారు. పేరుమోసిన మల్లుడు జార్జి హాకెన్‌ష్మిట్ ఆయన శిష్యుడే. అంటే గిర్యకూ కుస్తీకీ చుట్టరికం పాతదే. ఈ శతాబ్ది మొదట్లో పావెల్ త్సాత్సులిన్ అనే ఆయన దీన్ని అమెరికాలో బాగా ప్రచారం చేశాడు. ఇంగ్లీషులో పేరు కెటిల్‌బెల్. అందులో కాఫీ కాగదు, గంటా మోగదు!

ఈ సంగతులన్నీ నేను తెలుసుకోవలసి వచ్చింది మా చెల్లెలి కొడుకు మూలాన. వాడికి ఇరవై రెండేళ్ళు. హైదరాబాదులో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అభ్యసిస్తున్నాడు. గుద్దులు, తన్నులు, కుస్తీపట్లు అన్నీ కలగలిపిన పోరు అది. ఐదేసి నిమిషాల రౌండ్లు మూడు. మధ్య విశ్రాంతి ఒక్క నిమిషం. కిందటేడు మొదటి పోటీలో వీడు రెండు రౌండ్లు పులిలా పోరాడాడు. మూడో రౌండుకు చేతులు లేవలేదు. చేతులు దిగినవాడి ముఖానికి కాపలా ఎవరు? కనుబొమ మీద ఐదు కుట్లు పడ్డాయి.

"అన్నయ్యా, నీ మాటంటే వాడికి గురి. నువ్వే మాన్పించు" అంది చెల్లెలు కళ్ళనీళ్ళతో.

మాన్పించే ముందు చూడాలి గదా అని వాడి సాధన చూడడానికి వెళ్ళాను. గురువు కుర్రవాడే గాని నిదానస్థుడు. మావాడి ముందు 16 కిలోల గుండు పెట్టాడు. వాడు నడుము నిటారుగా ఉంచి, తుంటి వెనక్కి తోసి వంగి, గుండును కాళ్ళసందులోకి ఊపి, ఒక్కసారి తుంటిని ముందుకు కొట్టాడు. గుండు ఉయ్యాలలా రొమ్ము ఎత్తుకు లేచింది.

"చేతులతో ఎత్తకు. చేతులు చేంతాళ్ళనుకో. పని చేసేది తుంటి" అన్నాడు గురువు.

ఎదిరిని ఎత్తి పడవేసేటప్పుడూ, బలంగా గుద్దేటప్పుడూ జోరు పుట్టేది అక్కడేనట. అయితే నా కళ్ళకు ఆనింది మరొకటి. గుండు పైకి తేలిన అరక్షణంలో మావాడి భుజాలు వదులయ్యాయి. ఊపిరి 'హుస్' మని పోయింది. గుండు దిగగానే ఒళ్ళు మళ్ళీ బిగిసింది. బిగింపూ సడలింపూ, బిగింపూ సడలింపూ! మావాడు ఓడింది బలం చాలక కాదు, సడలించడం తెలియక. భయంతో పదిహేను నిమిషాలూ పిడికిలి బిగించుకునే ఉన్నాడు.

గిర్య ఈ తప్పును దాచనివ్వదు. దాని బరువు పిడిలో లేదు, చేతికి అవతల వేలాడుతూ ఉంటుంది. బిగబట్టి పట్టుకున్నవాడికి అరచెయ్యి బొబ్బలెక్కి ముంజెయ్యి మొద్దుబారుతుంది. రష్యావారి పోటీల్లో పది నిమిషాలు గుండు కింద పెట్టకూడదు. మోచేతులు పొట్టకానించి, బరువు మోస్తూనే అలుపు తీర్చుకోవాలి. ఎంత కష్టమైన విద్య!

దీనిమీద పరిశోధనలూ లేకపోలేదు. 2012లో అచ్చయిన ఒకదానిలో కొందరు మగవాళ్ళచేత వారానికి రెండుసార్లు, పన్నెండేసి నిమిషాలు, అర నిమిషం ఊపు, అర నిమిషం విశ్రాంతి చొప్పున ఆరు వారాలు చేయించారు. బరువెత్తే శక్తీ, ఎగిరి దూకే సత్తువా రెండూ పెరిగాయి. అలాగని ఇదే సర్వరోగ నివారిణి కాదు. గుండు ఊపితే పట్లు రావు; పట్లు చాపమీదనే నేర్వాలి. నడుము గూనిపెట్టి ఊపితే వెన్నుకే ముప్పు. తలకు తగిలే దెబ్బను ఏ ఇనుమూ ఆపదు. చెల్లెలి భయం అబద్ధమని నేనెలా చెప్పను?

అందుకని మాన్పించనూ లేదు, దీవించి పంపనూ లేదు. గురువూ నేనూ కలిసి ఒక షరతు పెట్టాం. మూడు రౌండ్ల లెక్కన గిర్య సాధన చేసి, దాని వెంటనే సంచీని గుద్దేటప్పుడు, చిట్టచివరి నిమిషంలో కూడా చేతులు గడ్డం దగ్గరే ఉండాలి. ఉంటేనే పోటీకి పేరు ఇవ్వాలి.

మొదటి పరీక్షలో రెండో రౌండుకే చేతులు జారాయి. "ఈసారికి మానేస్తాలే మామయ్యా" అని వాడే ఒక పోటీ వదులుకున్నాడు. రెండోసారి మూడో రౌండు సగంలో జారాయి. మొన్న ఆదివారం మూడో పరీక్ష. చెల్లెలు కూడా వచ్చి, గోడవారగా నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. ఆఖరి నిమిషంలో నేను వాడి చేతులు చూస్తున్నాను. అది వాడి కనుబొమ మీది మచ్చ చూస్తోంది. చేతులు దిగలేదు.

పేరు ఇచ్చాడు. పోటీ వచ్చే నెల. "నువ్వూ వెళ్ళు అన్నయ్యా, నేను మాత్రం రాలేను" అంటోంది చెల్లెలు. ఆ పోటీలో నేను చూడబోయేది గెలుపోటములను కాదు, మూడో రౌండులో వాడి చేతులను.