గోడవార పేట క్రాయిట్స్‌బెర్గ్

బెర్లిన్‌లో అర్ధరాత్రి దాటాక ఆకలేస్తే చాలామంది కాళ్లు వాటంతటవే క్రాయిట్స్‌బెర్గ్ వైపు నడుస్తాయి. పాత కోట్లు, పాత రికార్డులు వెతుక్కోవాలన్నా, తెల్లవార్లూ నాట్యం చేయాలన్నా అదే పేట. ఇంత సందడి అక్కడే ఎందుకు పుట్టిందని అడిగితే జవాబు ఒక్కటే. ఒకప్పుడు ఆ పేట ఎవరికీ అక్కర్లేదు.

1961 ఆగస్టు 13న బెర్లిన్ గోడ లేచింది. నగరం నడిబొడ్డుకు కూతవేటు దూరంలో ఉన్న క్రాయిట్స్‌బెర్గ్ తూర్పు భాగానికి మూడువైపులా దారులు మూసుకుపోయాయి. పైగా ఆ వీధుల మీదుగా పెద్ద మోటారు రహదారి వేయాలని పశ్చిమ బెర్లిన్ అధికారులు గీతలు గీసి పెట్టుకున్నారు. ఎలాగూ కూలగొట్టే ఇళ్లేనని యజమానులు మరమ్మతులు మానేశారు. గదిలో బొగ్గు పొయ్యి, మెట్ల మలుపులో నాలుగిళ్లకూ కలిపి ఒక మరుగుదొడ్డి. అద్దె మాత్రం కారుచౌక.

ఆ చౌక అద్దెల్లోకి దిగినవాళ్లే ఈ పేటకు రూపం ఇచ్చారు. గోడ లేచిన ఏడాదే, అక్టోబరు 30న, పశ్చిమ జర్మనీ టర్కీతో కార్మికుల ఒప్పందం కుదుర్చుకుంది. ఫ్యాక్టరీ పనికి వచ్చిన టర్కీ కుటుంబాలకు వేరేచోట ఇల్లిచ్చేవాళ్లు తక్కువ. వాళ్ల వెనకే పశ్చిమ జర్మనీ కుర్రాళ్లు వచ్చారు. పశ్చిమ బెర్లిన్‌లో ఉంటే సైన్యంలో నిర్బంధ సేవ తప్పేది. చిత్రకారులు, పాటగాళ్లు, చదువు మధ్యలో ఆపేసినవాళ్లు అంతా ఈ మూలకే చేరారు. 1971 డిసెంబరులో, మూతపడిన బేటానియెన్ ఆసుపత్రిలోని నర్సుల వసతిగృహాన్ని యువకులు ఆక్రమించి కాపురం పెట్టారు. 1980, 81 నాటికి ఖాళీ ఇళ్లను ఆక్రమించి తామే బాగుచేసుకోవడం పెద్ద ఉద్యమమైంది. చివరికి రహదారి ఆలోచన అటకెక్కింది. హార్ట్-వాల్తెర్ హేమర్ అనే ఆర్కిటెక్ట్ చొరవతో, ఇళ్లు కూల్చకుండా, ఉన్నవాళ్లను వెళ్లగొట్టకుండా బాగుచేసే పద్ధతి వచ్చింది. ఇవాళ మనం తలెత్తి చూసి మురిసిపోయే పాత ముఖభాగాలన్నీ ఆ పట్టుదల వల్లే మిగిలాయి.

ఆ కాలపు గుర్తు ఒకటి బేటానియెన్‌డామ్ వీధిలో కళ్లారా చూడొచ్చు. గోడ కట్టేటప్పుడు చిన్న ముక్కోణపు స్థలం ఒకటి లెక్క ప్రకారం తూర్పు జర్మనీది, కానీ గోడకు ఇవతల, పశ్చిమం వైపు ఉండిపోయింది. అందులో చెత్త పేరుకుపోయింది. 1980ల మొదట్లో ఉస్మాన్ కలిన్ అనే టర్కీ కార్మికుడు ఆ చెత్త ఎత్తిపోసి ఉల్లి, వెల్లుల్లి నాటాడు. తూర్పు జర్మనీ కాపలా సైనికులు వచ్చి ఆరా తీశారు, చివరికి సరేనన్నారు. పారేసిన చెక్కలూ రేకులూ ఏరి, చెట్టు చుట్టూ ఇల్లు కట్టాడు. గోడ పోయింది, 2018లో ఆయనా పోయాడు. ఆ వంకర టింకర ఇల్లు ఇప్పటికీ నిలబడే ఉంది. బెర్లిన్‌లో ఎన్ని స్మారకాలున్నా నాకు ఇదే ముందు.

ఇక తిండి. డోనర్ కబాబ్‌ను రొట్టెలో పెట్టి చేతికివ్వడం ముందు ఎవరు మొదలుపెట్టారన్నదానిమీద బెర్లిన్‌లో ఒకరికి మించి హక్కుదార్లున్నారు. 1972లో జూ స్టేషన్ దగ్గర అమ్మిన కదిర్ నుర్మాన్ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. క్రాయిట్స్‌బెర్గ్‌వాళ్లు ఆ ఘనత తమదేనంటారు. నిలబడి చూడాల్సింది తయారుచేసే తీరు. గుండ్రటి మందపాటి రొట్టెలో పావు ముక్క కోసి, నొక్కే పెనం మీద కాలుస్తారు. పెళపెళలాడే ఆ రొట్టెను తెరిచి ముందు సాస్ రాస్తారు. సువాసన ఆకులు కలిపిన పెరుగుదా, వెల్లుల్లిదా, కారందా అని అడుగుతారు. మనవాళ్లు సాధారణంగా కారమే అంటారు, అదీ చాలదనిపిస్తుంది. నిలువు ఊచకు తిరిగే మాంసం పొరలు చెక్కి వేసి, పైన ఎర్ర క్యాబేజీ, తెల్ల క్యాబేజీ, టమాటా, ఉల్లి. వేయించిన వంకాయ, బంగాళాదుంప, క్యారెట్ వేసి, గొర్రెపాల జున్ను చిదిమి, నిమ్మకాయ పిండి ఇచ్చేది గెమ్యూజె కబాబ్. మాంసం వద్దంటే కూరగాయలతోనే కట్టిస్తారు. మెరింగ్‌డామ్ వీధిలో ముస్తఫా బండి ముందు ఈ కబాబ్ కోసం నిలబడే వరస బెర్లిన్ పర్యాటక దృశ్యాల్లో ఒకటైపోయింది. నా మాట వింటే అంతసేపు నిలబడక్కర్లేదు. కోట్‌బుసర్ టోర్ కూడలి చుట్టుపక్కల అంత రుచిగా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు.

శాకాహారులకు ఇంకో మంచి కబురు. సూడాన్ నుంచి వచ్చినవాళ్లు నడిపే చిన్న కొట్లలో శనగలు రుబ్బి వేయించిన ఫలాఫెల్ ఉండల మీద వేరుశనగ సాస్ పోస్తారు. మన పల్లీ చట్నీని కాస్త పలచన చేసినట్టే ఉంటుంది.

మంగళ, శుక్రవారాల్లో కాలువ ఒడ్డున, మైబాఖూఫర్ మీద టర్కీ సంత జరుగుతుంది. వంతెన దాటితే వచ్చే ఈ ఒడ్డు పాలనాపరంగా పక్కపేట నోయికోల్న్‌ది. జనం మాత్రం ఆ తేడా పట్టించుకోరు. ఆలివ్ కాయలు, జున్ను, పలచటి రొట్టెలో పాలకూర మడిచి పెనం మీద కాల్చి ఇచ్చే గోజ్లెమె, మీటర్ల లెక్కన బట్టలు. బెండకాయలు, వంకాయలు, పచ్చిమిర్చి, కొత్తిమీర కట్టలు ఒకేచోట దొరుకుతాయి గనక తెలుగు విద్యార్థులూ సంచులతో వస్తారు. సాయంత్రం ఆరు గంటలకు కేకలు పెరిగి ధరలు పడిపోతాయి. మిగిలిన పళ్లను బుట్టల లెక్కన ఇచ్చేస్తారు.

దీనికి పూర్తిగా వేరే లోకం మార్క్ట్‌హాలె నోయిన్. 1891లో తెరిచిన ఇనుప కప్పు మార్కెట్ ఇది. 2011లో కొత్త నిర్వాహకుల చేతిలో మళ్లీ ప్రాణం పోసుకుంది. గురువారం సాయంత్రాల్లో దేశదేశాల వంటలు నిలబడి తినొచ్చు. తిండి బాగుంటుంది, ధరలు చురుక్కుమంటాయి. 2019లో అందులో ఉన్న ఆల్డీ చౌక సరుకుల కొట్టును ఖాళీ చేయిస్తామనగానే పేటవాసులు వీధికెక్కారు. చేతితో చేసిన జున్ను మాకెందుకు, రోజువారీ పాలూ పిండీ ఎక్కడ కొనాలన్నది వాళ్ల బాధ. నేను వాళ్ల పక్షమే. సంత అంటే చుట్టుపక్కల పొయ్యి వెలిగేవాళ్లందరికీ పనికొచ్చేదిగా ఉండాలి.

కొనుగోళ్ల సంగతికొస్తే పేటలో రెండు ముఖాలున్నాయి. పాత పిన్‌కోడ్లను పట్టుకుని తూర్పు భాగాన్ని 36 అనీ, పడమటి భాగాన్ని 61 అనీ ఇప్పటికీ అంటారు. 61 వైపు బెర్గ్‌మన్ వీధి కాస్త తీరికైనది. వాడిన బట్టల కొట్లు, పుస్తకాలు, మరైనెకె చౌక్‌లో వారాంతపు పాత సామాన్ల సంత. 36 వైపు ఒరానియెన్ వీధిలో మాత్రం అన్నీ కలగలిసి ఉంటాయి. బక్లావా పక్కన రికార్డులు, టీ గ్లాసుల పక్కన తోలు జాకెట్లు. మోరిట్జ్‌ప్లాట్స్ దగ్గరి మోడులోర్‌లో బొమ్మలు వేసేవాళ్లకూ, నమూనాలు చేసేవాళ్లకూ కావలసిన కాగితం, రంగు, చెక్క అన్నీ ఒక కప్పు కింద ఉంటాయి. ఆదివారం మాత్రం జర్మనీ అంతటా దుకాణాలకు సెలవు. పాత సామాన్ల సంతలే దిక్కు.

ఈ కొట్లన్నీ అద్దె దయమీద బతుకుతున్నాయి. 2015లో వ్రాంగెల్ వీధిలో ఒక టర్కీ కుటుంబం దశాబ్దాలుగా నడుపుతున్న కూరగాయల కొట్టుకు ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. వారంవారం వందలమంది ఆ కొట్టు ముందు చేరారు. నోటీసు వెనక్కిపోయింది. గెలుపు ప్రతిసారీ దక్కదు. 2020లో బెర్లిన్ తెచ్చిన ఇంటి అద్దెల పరిమితి చట్టాన్ని మరుసటి ఏడాది ఏప్రిల్‌లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఒరానియెన్ వీధిలో పేరున్న కిష్ అండ్ కో పుస్తకాల కొట్టు 2021లో తన చోటు పోగొట్టుకుని, అదే వీధిలో ఇంకోచోట సర్దుకోవాల్సి వచ్చింది.

బెర్లిన్ బార్లకు 1949 నుంచీ మూసే వేళ అంటూ లేదు. రాత్రి మొదలయ్యేది మాత్రం ష్పేటీ దగ్గర. రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉండే ఈ చిల్లరకొట్లో చల్లటి బీరు సీసా కొనుక్కుని కాలువ మీది అడ్మిరాల్ వంతెనపై కూర్చుంటారు. వీధిలో తాగడం అక్కడ తప్పు కాదు. ఖాళీ బీరు సీసాకు 8 సెంట్లు, డబ్బాకు 25 సెంట్లు తిరిగొస్తాయి. అందుకే సీసాను చెత్తబుట్టలో పడేయరు, పక్కన నిలబెడతారు, ఏరుకుని బతికేవాళ్లు బుట్టలో చెయ్యిపెట్టి వెతక్కుండా. రాత్రి పది దాటితే గొంతు తగ్గించాలి. వంతెన పక్కనే పిల్లాపాపల ఇళ్లున్నాయి.

ఒరానియెన్ వీధిలోని ఎస్ఓ36 క్లబ్బు 1978లో తెరిచింది, పిన్‌కోడ్ పేరే పెట్టుకుంది. పంక్ సంగీతానికి పుట్టిల్లు లాంటిదన్న పేరు దానికుంది. 1997 నుంచి అందులో గేహానె పేరుతో జరిగే రాత్రుల్లో టర్కీ, అరబ్ మూలాలున్న స్వలింగ ప్రేమికులు తమ పాటలకు తామే ఆడతారు. ఇంట్లోనూ బయటా దాక్కోవాల్సి వచ్చినవాళ్లకు సొంత భాషలో చోటిచ్చిన ఆ వేదికంటే నాకు ఎంతో గౌరవం.

నది ఒడ్డున ఒకచోట మాత్రం ఆగాలి. ఓబర్‌బౌమ్ వంతెన పక్కన ష్ప్రే నది క్రాయిట్స్‌బెర్గ్ ఒడ్డుదాకా తూర్పు జర్మనీ సొత్తుగా ఉండేది. 1966 నుంచి 1975 వరకు ఇక్కడ ఆడుకుంటూ జారిపడి ఐదుగురు పిల్లలు మునిగిపోయారు. నీళ్లలో దిగితే కాల్పులు జరుగుతాయన్న భయంతో పశ్చిమం వైపువాళ్లు దిగలేకపోయారు. ఐదోవాడు చెటిన్ మెర్ట్, అయిదో పుట్టినరోజునాడే పోయాడు. ఆ తర్వాతే, నీళ్లలో పడ్డవాళ్లను కాపాడేందుకు రెండు వైపుల మధ్యా ఒప్పందం కుదిరింది. అక్కడికి నాలుగడుగుల్లో 2002లో వెలిసిన వాటర్‌గేట్ క్లబ్బు పెద్ద కిటికీల్లోంచి నది మీద తెల్లారడం చూపించేది. 2024 మార్చిలో బెర్లిన్ టెక్నో సంస్కృతిని జర్మనీ తన జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. అయినా ఖర్చులు మోయలేక ఆ ఏడాది చివరే వాటర్‌గేట్ మూతపడింది.

వెళ్లేవాళ్లు శుక్రవారం వెళ్లండి. ఐదింటికి సంత, ఆ తర్వాత కాలువ వెంట నడక, కోట్‌బుసర్ టోర్‌లో తిండి. ఆ కూడలిలో మత్తుమందుల బేరాలు, జేబుదొంగలు ఉన్నమాట నిజం. 2023లో అక్కడే పోలీసు ఠాణా కూడా పెట్టారు. సంచి ముందుకు వేసుకుంటే చాలు. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి, చాలాచోట్ల కార్డు తీసుకోరు. లోపల ఫొటోలు తీయకూడదని క్లబ్బు ద్వారం దగ్గర ఫోను కెమెరాకు బిళ్ల అంటిస్తే పీకకండి. పదింటికే వెళ్తే చాలా క్లబ్బుల్లో ఖాళీ హాలు కనిపిస్తుంది, ఒంటిగంట దాటాక వెళ్లండి. శుక్ర, శనివారాల్లో యూ1 రైలు రాత్రంతా నడుస్తుంది.