పిల్లల మూత్రవైద్యశాలలో

పగటివేళ లాగులు తడుపుకొను మగపిల్లలకు విశాఖపట్నములోని పిల్లల ఆసుపత్రి యొకదానియందు ప్రత్యేకముగా చికిత్స చేయుచున్నారని విని, ఆ విధానమును కన్నులార చూడగోరి, వైద్యుల యనుమతితో నొక ఉదయము వెళ్లితిని. రాత్రి పక్క తడిపినచో నవ్వి యూరకుండు పెద్దలే, ఐదేండ్లు దాటినవాడు పట్టపగలు బడిలో తడుపుకొన్నచో సోమరియనియు మొండియనియు వానిని దండింతురు. అట్లు దెబ్బలు తిన్నవారే ఆ వరండాలో నధికముగా గానవచ్చిరి.

ఎనిమిదేండ్ల బాలు డొకడు కాళ్లు మెలివేసికొని, చేతితో లాగును బిగబట్టి నిలుచుండెను. "ఆటలో పడితే ఒంటికి వెళ్లాలన్న ధ్యాసే ఉండదండీ, పరుగెత్తేలోపే అయిపోతుంది" అని తల్లి చెప్పుచుండగా, వైద్యులు మొదట నడిగినది విరేచనమును గూర్చి. మూడు దినముల కొకసారి, అదియు గట్టిగా నట. మలముతో నిండిన పేగు ముందున్న మూత్రాశయమును నొక్కి, అది నిండకమునుపే ముడుచుకొనునట్లు చేయుననియు, పూర్తిగా ఖాళీ కానీయదనియు, కావున మలబద్ధము తీర్పక మూత్రమునకు మందిచ్చుట వలన ఫలము స్వల్పమనియు వారు విశదపరచిరి.

పిమ్మట మూత్రధార వేగమును కొలుచు, గరాటు అమర్చిన యంత్రము ముందు బాలుని నిలిపి, తలుపు చేరవేసి, వాని సిగ్గు తీరువరకు నందరమును వెలుపల నుంటిమి. కాగితముపై రేఖ నునుపుగా లేచి దిగుటకు మారుగా ఎగుడుదిగుడుగా నుండెను. సడలవలసిన కండరములు పోయువేళ బిగిసికొనుచున్నవని దాని యర్థము. వయస్సునకు ఒకటి కలిపి 30 చేత హెచ్చింపగా వచ్చు 270 మిల్లీలీటర్లు ఈ యీడువాని మూత్రాశయము పట్టవలసిన పరిమాణము. తల్లి కొలిచి వ్రాసి తెచ్చిన పుస్తకములో నది యెన్నడును 120 దాటలేదు. మగపిల్లలలో కొందరికి పుట్టుకతోనే మూత్రనాళమున పొర యడ్డుండి, ధార సన్నగిల్లి, ముక్కి పోయవలసివచ్చును. దానికి శస్త్రచికిత్సయే శరణ్యము. ఈ బాలునికి ఆ లక్షణములు లేవు.

వానికి విధించినది మిక్కిలి సులభముగా దోచును: కోరిక కలిగినను కలుగకున్నను రెండు మూడు గంటల కొకసారి పోవుట, నీరు ఉదయమునుండియే త్రాగుట, పాదములు పీటపై నానించి విరేచనమునకు కూర్చుండుట, నెలల తరబడి విరేచనపు మందు. ఆక్సీబ్యూటినిన్ మాత్రలు మలబద్ధమును పెంచునవి గనుక వానిని పిదప గాని తలపెట్టరు.

వైద్యులు బడిపెద్దకు నుత్తరము వ్రాసిరి: వేళకు బాలుని అడ్డుపెట్టక పంపవలెననియు, తరగతిలో వాని సంగతి ఎత్తరాదనియు. మరుగుదొడ్లకు తాళములు వేసిన బడులు నేను చూచియున్నాను. అట్టి చోట ఈ బాలుడు వేళ నెట్లు పాటించును?