సముద్రం పక్కన సినిమా రోడ్డు

విశాఖ నుంచి భీమిలి వెళ్ళే సముద్రపు రోడ్డంటే మన సినిమావాళ్ళకి ఎంత మోజో మీకు వేరే చెప్పక్కర్లేదు. 1978లో వచ్చిన 'మరోచరిత్ర' చూశాక, ఒక్కసారైనా వెళ్ళి ఆ ఒడ్డున నిలబడాలని అనిపించని కుర్రవాళ్ళు ఎంతమంది ఉంటారు? అట్లాంటి రోడ్డే ఒకటి ఐర్లండు దేశానికి నైరుతి మూల, కెర్రీ జిల్లాలో ఉంది. పేరు స్లే హెడ్ డ్రైవ్. డింగిల్ అనే చేపల రేవులో మొదలై, అట్లాంటిక్ సముద్రం అంచునే ఒరుసుకుంటూ తిరిగి, మళ్ళీ డింగిల్‌కే చేరుతుంది. మొత్తం 47 కిలోమీటర్లు. ఆగకుండా పోతే గంటన్నర. ఆగకుండా పోయే మొనగాడు మాత్రం ఇంకా పుట్టలేదు!

సినిమా పాఠకులకి ఈ రోడ్డు గురించే చెప్పడానికి కారణం ఉంది. 'లారెన్స్ ఆఫ్ అరేబియా' తీసిన డేవిడ్ లీన్ తన 'రయాన్స్ డాటర్' (1970) తీసింది ఇక్కడే. ఆ సినిమా కోసం ఇక్కడ ఓ ఊరే కట్టారు. ఆ ఊరికి ఎదురుగా, నడిసముద్రంలో, అంతకు పదహారేళ్ళ ముందే ఓ నిజం ఊరు ఖాళీ అయిపోయింది. ఈ రోడ్డు మీద నేను చూడాలనుకున్నది ఆ రెండు ఊళ్ళనీ.

ఎడం పక్కే, కానీ...

కార్క్ నగరంలో ఉద్యోగం చేస్తున్న మా బావ కారు తీశాడు. జూన్ నెల. "కంగారుపడకోయ్, ఇక్కడా మనలాగే ఎడం పక్కే" అన్నాడు. నిజమే, ఐర్లండులో బండ్లు మనకి మల్లే ఎడం పక్కనే నడుస్తాయి. కాకపోతే ఈ రోడ్డు కొన్నిచోట్ల మన పంటకాలవ గట్టుకన్నా వెడల్పేమీ ఉండదు. ఒకపక్క కొండ, ఒకపక్క సముద్రం. ఎదురుగా బండి వచ్చిందంటే ఎవరో ఒకరు వెనక్కి నడపాల్సిందే. పెద్ద బస్సులన్నీ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి. మనమూ అటే తిరిగితే పేచీ ఉండదు.

కంచెల పొడుగునా ఎర్రటి పూలు, చెవులకి పెట్టుకునే లోలాకుల్లా వేలాడుతూ కనిపించాయి. వాటిని ఫ్యూషియా అంటారు. ఐరిష్ భాషలో ఆ పువ్వు పేరుకి 'దేవుడి కన్నీళ్ళు' అని అర్థం. ఎవరు పెట్టారో గానీ, పాట రాయించదగ్గ పేరు!

అన్నట్టు, ఇక్కడ బోర్డుల మీద ఊళ్ళ పేర్లు ఇంగ్లీషులో కనిపించకపోతే ఖంగారుపడకండి. ఇది ఐరిష్ మాట్లాడే ప్రాంతం. 2005లో ప్రభుత్వం డింగిల్ అనే పేరు తీసేసి ఐరిష్ పేరు ఒక్కటే ఉంచితే ఊళ్ళో పెద్ద గొడవే అయింది. డింగిల్ అని నమ్మి వచ్చే టూరిస్టులు దారి తప్పుతారని వ్యాపారస్తుల బాధ. 2006లో జనం ఓట్లేశారు. ఆఖరికి 2011లో చట్టంతో రెండు పేర్లూ నిలిచాయి. పేరు కోసం జనం ఓట్లేసిన ఊరంటే నాకు ముందే గౌరవం కలిగింది.

వెంట్రీ బీచి దాటాక రోడ్డు కొండ మీదికి ఎక్కుతుంది. ఎడంపక్క కొండకొమ్మున డన్‌బెగ్ కోట. పాతకాలపు రాతి కోట. 2014 జనవరి నాటి తుఫానుల్లో అందులో కొంత సముద్రంలో కూలిపోయింది. కుడిపక్క పొలాల్లో తేనెపట్టు ఆకారంలో రాతి గుడిసెలు. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి పేర్చి కట్టారు. ఇంకాస్త ముందుకెడితే ఓ వాగు సరాసరి రోడ్డు మీదుగానే పారుతోంది. వంతెన లేదు. బావ మెల్లిగా నీళ్ళలోకే దింపాడు. వెనకాల కారులోని పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఒక ఊరు ఖాళీ, ఒక ఊరు కల్పన

స్లే హెడ్ మలుపు తిరగ్గానే ఎదురుగా బ్లాస్కెట్ దీవులు. నీళ్ళలో పడుకున్న ఏనుగుల్లా ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది గ్రేట్ బ్లాస్కెట్. 1916లో అక్కడ 170 మందికి పైగా ఉండేవాళ్ళు. వాళ్ళు పట్టిన పెద్ద పెద్ద లాబ్‌స్టర్లని ఫ్రాన్సు నుంచి వచ్చే పడవలు కొనుక్కుపోయేవి. చదువు తక్కువైనా కథలకి లోటు లేదు. ఆ దీవి నుంచి వచ్చిన ఆత్మకథలు ఐరిష్ సాహిత్యంలో పేరుకెక్కాయి. టొమాస్ ఓ క్రిహన్ అనే జాలరి రాసిన పుస్తకం 1929లో అచ్చయింది.

కానీ కుర్రవాళ్ళంతా ఒక్కొక్కరే అమెరికా దారిపట్టారు. 1941లో బడి మూతబడింది. సముద్రం పోటెత్తితే డాక్టరుండడు, ఫాదరీ ఉండడు. వాతావరణం బాగోక డాక్టరు చేరలేక ఓ యువకుడు కన్నుమూశాడు. దాంతో ఊరి గుండె చెదిరింది. 1953లో మిగిలిన ఇరవై పైచిలుకు మందినీ ప్రభుత్వం ఇవతలి ఒడ్డుకి తరలించింది. దీపం పెట్టేవాళ్ళు లేక ఊరు ఆరిపోయింది.

1969లో డేవిడ్ లీన్ యూనిట్ దిగింది. డన్‌క్విన్ అనే పల్లెకి పైన కొండమీద, సరిగ్గా ఆ ఖాళీ దీవికి ఎదురుగా, 'కిరారీ' అనే ఊరు కట్టారు. అట్టా చెక్కా అనుకునేరు! రాతి ఇళ్ళు, చర్చి, దుకాణాలు, వీధి, అన్నీ నిలువెత్తువే. కొంతదూరంలో సముద్రం అంచున ఓ బడి. హీరో రాబర్ట్ మిచమ్ ఆ బడి పంతులు, సారా మైల్స్ అతని భార్య. ఆమె ఓ బ్రిటిష్ ఆఫీసర్ని ప్రేమించడం, ఊరంతా ఆమె మీద విరుచుకుపడడం కథ. అసలైన తుఫాను కావాలని లీన్ పంతం. దానికోసం నెలల తరబడి కాచుకున్నారు. ఎండ కావాల్సిన సీన్లు కొన్ని మాత్రం దక్షిణాఫ్రికా వెళ్ళి తీసుకొచ్చారు. షూటింగు ఏడాది పట్టింది. చుట్టుపక్కల జనం గుంపు సీన్లలో నటించారు, రాళ్ళు మోశారు, యూనిట్‌కి వండిపెట్టారు. బీదప్రాంతం. ఆ ఏడాది డబ్బు అంతకుముందు ఎవరూ చూడనిది.

సినిమాకి రెండు ఆస్కార్లు వచ్చాయి. ఒకటి మూగవాడి వేషం వేసిన జాన్ మిల్స్‌కి, ఇంకొకటి 70 ఎం.ఎం. కెమెరాతో ఈ కొండల్నీ సముద్రాన్నీ పట్టిన ఫ్రెడ్డీ యంగ్‌కి. విమర్శకులు మాత్రం లీన్‌ని ఉతికి ఆరేశారు. ఆ తర్వాత పధ్నాలుగేళ్ళ దాకా ఆయన మరో సినిమా విడుదల చెయ్యలేదు. 1984లో ఆ మౌనం విడిచింది ఎక్కడనుకున్నారు? మన దేశంలో! 'ఎ పాసేజ్ టు ఇండియా'లోని గుహల సీన్లకి ఆయన వెళ్ళింది బెంగుళూరు దగ్గరి కొండలకి. అంతకుముందు 'షోలే' తీసిన రామనగరం రాళ్ళూ ఆ చుట్టుపక్కలవే.

మరి కిరారీ ఏమైంది? షూటింగు కాగానే కూల్చేశారు. కొండమీద నిలబడి వెతికితే గడ్డి, గొర్రెలు, గాలి. బడి గోడలు మాత్రం కొంత మిగిలాయి, అవీ శిథిలంగా. అక్కణ్ణించి దీవి వైపు చూస్తే కప్పులు లేని రాతి ఇళ్ళు. నిజం ఊరు మనుషుల్లేక పోయింది. ఉత్తుత్తి ఊరు కెమెరా లేక పోయింది. ఒకే చూపులో రెండూ!

ఈ ఒడ్డు మీద సినిమా మోజు ఇంకా తీరలేదు. 2016లో ఇక్కడికి దగ్గర్లోనే, సిబిల్ హెడ్ కొండమీద, 'స్టార్‌వార్స్: ది లాస్ట్ జెడై' కోసం తేనెపట్టు గుడిసెల సెట్టు వేశారు. అసలు గుడిసెలు కూతవేటు దూరంలో ఉండగానే! అదీ తీసేశారు.

పళ్ళెంలోకి వచ్చిన సముద్రం

ఆకలి దంచేస్తోంది. రోడ్డు పక్కన, కిటికీ నిండా సముద్రం కనిపించే ఓ చిన్న హోటల్లో కూర్చున్నాం. ఇక్కడికొచ్చినవాడు మొదట అడగాల్సింది చౌడర్. చేపముక్కలు, నల్లటి ఆల్చిప్పల మాంసం, బంగాళాదుంప వేసి, మీగడతో చిక్కగా కాచిన సూపు. పక్కన సోడా వేసి కాల్చిన ముతక గోధుమ రొట్టె, దానిమీద వేలెడు మందాన కెర్రీ వెన్న. గోదావరి జిల్లా నాలికకి కారం లేదని మొదటి చెంచాకి అనిపిస్తుంది. రెండో చెంచాకి ఆ మాట మర్చిపోతాం. బయట చలిగాలి, సన్నటి వాన. ఆ వానకి ఆ వేడే మందు. తర్వాత వెల్లుల్లి వెన్నలో వేయించిన పీత డెక్కలు వచ్చాయి. చేత్తోనే తినాలి, ఎవరూ ఏమీ అనుకోరు.

చౌడర్ తెచ్చిన అమ్మాయికి ఇరవై రెండేళ్ళుంటాయి. పక్క బల్లవాళ్ళతో ఐరిష్‌లో మాట్లాడి, మా దగ్గరికొచ్చి ఇంగ్లీషులోకి మారింది. వాళ్ళ తాత 'రయాన్స్ డాటర్' గుంపులో ఉన్నాట్ట. "ఏ సీన్లో?" అనడిగాను. వెనకాల అరుస్తూ పరిగెత్తే సీన్లోనట. ఇంటిల్లిపాదీ ఇప్పటికీ సినిమా ఆపి ఆపి తాతని వెతుక్కుంటారట!

"మీ ఇల్లు ఈ ఊళ్ళోనేనా?" అంది మళ్ళీ నా నోరు. నవ్వేసింది. పుట్టింది ఇక్కడే. ఉండేది ట్రలీ పట్నంలో, 50 కిలోమీటర్ల పైన. ఇక్కడ అద్దెకి ఇల్లు దొరకదు. కిటికీలోంచి చెయ్యి చాపి వరసగా ఇళ్ళు చూపించింది. ఇది సెలవులకొచ్చేవాళ్ళది, అది టూరిస్టులకి రోజువారీ అద్దెకిచ్చేది, అదీ అంతే. చలికాలం సగం ఇళ్ళలో దీపం ఉండదంది.

నాకు చౌడర్ గొంతులో ఆగింది. కిటికీలో కనిపిస్తున్నది ఆ ఖాళీ దీవే మరి. అప్పుడు పేదరికం ఖాళీ చేసింది, ఇప్పుడు అందం ఖాళీ చేస్తోంది. పిల్లలు లేకపోతే బడి ఉండదు, బడి లేకపోతే ఆ భాషా ఉండదు. మాలాంటి టూరిస్టుల డబ్బే ఆ అమ్మాయి జీతం, ఆ టూరిస్టుల కోసమే ఆ అమ్మాయికి ఇల్లు లేదు. "ఇదేం స్క్రీన్‌ప్లేరా బాబూ" అన్నాడు బావ.

డింగిల్ సాయంత్రం

రాత్రి పదింటిదాకా వెలుతురు. డింగిల్‌లో చెప్పులూ బెల్టులూ కుట్టే దుకాణం ఒకవైపు, బార్ ఒకవైపు ఉన్న డిక్ మాక్స్ చూడాలి. దాని ముందు పేవ్‌మెంటు మీద నక్షత్రాల్లో రాబర్ట్ మిచమ్, జూలియా రాబర్ట్స్ లాంటి పేర్లు చెక్కారు. రేవులో ఫంగీ అనే డాల్ఫిన్ కంచు బొమ్మ ఉంది. 1983 ప్రాంతంలో తనంతట తనే వచ్చి, 2020 అక్టోబరు దాకా పడవల వెంట గెంతిన స్టారు అది. అది కనిపించకపోతే పడవవాళ్ళు డబ్బు పుచ్చుకునేవాళ్ళు కాదు. కాల్‌షీటు ఎగ్గొట్టని స్టారు కావడంతో ఆ అవసరం పెద్దగా రాలేదు!

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. మే, జూన్, సెప్టెంబరు నెలలు మేలు. చలికాలం చాలా హోటళ్ళు మూసేస్తారు. భోజనం రాత్రి తొమ్మిదిలోపే కానివ్వండి, ఆ తర్వాత పొయ్యి ఆర్పేస్తారు. కుమినూల్ ఒడ్డున అలలు పాటలకే గానీ ఈతకి పనికిరావు, ప్రవాహం లాగేస్తుంది. ఒక్క రోజులో చుట్టేసి పోకుండా రెండు రాత్రులుండండి. వీలైతే ఊరివాళ్ళు తమ ఇంట్లో ఓ గది అద్దెకిచ్చే చోట దిగండి. ఆ డబ్బు ఊళ్ళోనే ఉంటుంది, ఆ ఇంట్లో చలికాలం కూడా దీపం వెలుగుతుంది. పొద్దున్నే ఇంటావిడకి 'గో రెవ్ మహ అగత్' అని చెప్పండి. ధన్యవాదాలని అర్థం. రెండు గుడ్లు ఎక్కువే వేస్తుంది!