చరణంలో సగం ఆమెది

తణుకులో మా వీధి చివర పాటలు రికార్డు చేసిచ్చే కొట్టు ఉండేది. కాగితం మీద జాబితా రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించేవారు. మా అక్క జాబితాలో ముప్పాతిక డ్యూయెట్లే, వాటిలోనూ ఎక్కువ సంగీత దర్శకుల జంట రాజ్-కోటివే. 1988లో ‘యముడికి మొగుడు’ మొదలు 1994లో ‘హలో బ్రదర్’ దాకా మా టేప్‌రికార్డర్ ఆ పాటలతోనే మోగింది.

రాజ్ తండ్రి టి.వి.రాజు, కోటి తండ్రి సాలూరి రాజేశ్వరరావు. తండ్రులు వయొలిన్లు, వీణలు, వేణువులతో పాట కట్టిన తరం. కొడుకుల నాటికి సింథసైజర్ వచ్చింది. 1983లో యమహా డీఎక్స్7 విడుదలయ్యాక అలాంటి డిజిటల్ కీబోర్డులు మద్రాసు రికార్డింగ్ థియేటర్లకు చేరాయి. రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడే 1992లో ‘రోజా’తో ఏ.ఆర్.రెహమాన్‌గా లోకానికి తెలిశాడు.

పిల్లలం మాకు ఈ సంగతులు పట్టేవి కావు. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే మ్యూజిక్ బిట్టే మాకు ప్రాణం. అన్నయ్య నోటితో బేస్ వాయిస్తే నేను గంటల మోత అందుకునేవాణ్ణి. గాయని చిత్రగారి వంతు ఎప్పుడూ అక్కదే.

ఇంట్లో నాన్న చెప్పేవారు, అమ్మ వినేది. ‘మీ నాన్నగార్ని భోజనానికి రమ్మను’ అని మాతో కబురంపేది. పాటలో అలా కాదు. గాయకుడు బాలుగారు ఒక పాదం పాడితే తర్వాతి పాదం చిత్రగారిది. చరణంలో సగం ఆమెది. ఆడా మగా సరిసమానంగా వంతులేసుకుని మాట్లాడుకోవడం నేను మొదట విన్నది అక్కడే.

ఆ మాటలకు సింథసైజర్ చోటిచ్చింది. గంటల్లాంటి స్వరాలు పైన మెరిసేవి, బేస్ కింద నడిచేది, నడుమంతా గొంతులకే. అందుకే బాలుగారి చిరునవ్వూ, చిత్రగారి ఊపిరీ వినబడేవి. పైగా ఇద్దరికీ శ్రుతి ఒకటే. అది కుదరాలంటే ఆయన కాస్త పైకి ఎక్కాలి, ఆమె కాస్త కిందికి దిగాలి.

బాలుగారు 2020లో, రాజ్ గారు 2023లో వెళ్లిపోయారు. ఆనాటి కీబోర్డు శబ్దాలు కృత్రిమమని తీసిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. నా మాట ముగించి నా భార్య వంతు కోసం ఆగడం, ఆమె చెప్పేది చివరిదాకా వినడం ఆ పాటలే నాకు నేర్పాయి.