పైనుంచి చూసిన తీరం

యేలూరులో పాఠాలు చెప్పుకునే నాకు సముద్రం అపురూపం. అందుకే వేసవి సెలవుల్లో విశాఖపట్నం వెళ్ళినప్పుడు కైలాసగిరి యెక్కి బీచిరోడ్డును ఫోటో తీశాను. ఒకవైపు నీలి నీరు, ఒకవైపు నగరం, నడుమ కొడవలిలా వంపు తిరిగిన నురుగు. దాన్ని పెద్దది చేయించి మా తెలుగు శాఖ గదిలో తగిలించాను. అందరూ మెచ్చుకున్నారు; నేనూ కొంత పొంగిపోయాను.

ఒక విద్యార్థి మాత్రం చాలాసేపు చూసి, "యిందులో మనుషులు యెక్కడున్నారు మాస్టారూ?" అన్నాడు. కొల్లేటి లంకలో చేపలు పట్టి బతికే యింటి కుర్రవాడు.

"కొండమీదనుంచి తీశాను గదా, కనిపించరు."

"మమ్మల్నీ అలాగే చూశారండి."

ఆ మాట నన్ను వదలలేదు. బుడమేరూ తమ్మిలేరూ కొల్లేట్లో కలుస్తాయి. ఆ నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. చేపల చెరువుల గట్లు ఆ దారిని మూసివేశాయి. 1999లో అయిదో కాంటూరు వరకు సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో గట్లు తెగ్గొట్టారు. సరస్సును బతికించాలన్న వాదం తప్పని నేననను. కాని పైనుంచి చూస్తే ప్రతి చెరువూ ఒక చదరమే. 1970లలో ప్రభుత్వమే పేదల సహకార సంఘాలకు యిచ్చిన చెరువూ చదరమే, పెట్టుబడిదారు ఆక్రమించిన చెరువూ చదరమే. సంఘం పేరుతో వున్న చెరువును కౌలుకు తీసుకుని లాభం పట్టుకుపోయిన దెవరో, గట్టు మీద కాపలా కాసి కూలి తెచ్చుకున్న దెవరో యే పటమూ చెప్పదు. అది తెలియాలంటే లంకలోకి దిగాలి.

అప్పుడు నా ఫోటోను మళ్ళీ చూశాను. ప్రకృతి పరిచిందనుకున్న ఆ యిసుక కూడా ప్రకృతి ఒక్కతే పరిచింది కాదు. యీ తీరాన కెరటాలు యేడాదిలో యెక్కువ కాలం యిసుకను వుత్తరానికి నెడతాయి. 1970లలో కట్టిన ఔటర్ హార్బరు గోడలు దానికి అడ్డం నిలిచాయి. అక్కడ పోగుపడిన యిసుకను డ్రెడ్జర్లతో తోడి మళ్ళీ బీచి మీద పోస్తూ వచ్చారు. మనం షికారు చేసే తీరంలో యెవరిదో చెమట వుంది. బొమ్మలో కొండ దిగువన తెల్లని చుక్కలున్నాయి. అవి జాలరిపేట పడవలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను యీ తీరాన్ని తాకినప్పుడు రోడ్డు శిథిలమైన దృశ్యాలు దేశమంతా చూసింది. ఆ చుక్కల సంగతి యెందరు అడిగారు?

పైచూపు వద్దని నా వాదన కాదు. ఆ చూపు లేకపోతే సరస్సు యెంత కుంచించుకుపోయిందో మనకు తెలిసేది కాదు. అయితే అది తొలిమెట్టు మాత్రమే. దాన్నే సత్యమనుకుంటే వర్గభేదాలన్నీ చదునైపోతాయి.

యీ దోషం ఫోటోలకే పరిమితమా? మన కవిత్వంలో, విమర్శలో "జనసముద్రం" అని యెన్నిసార్లు రాయలేదు! సముద్రంగా కనిపించాలంటే యెత్తున నిలబడాలి గదా. నేనూ అలాగే రాశాను, అలాగే పాఠం చెప్పాను. ఫోటో యింకా గోడ మీదే వుంది. యీసారి పడవల పక్కన నిలబడి మరొకటి తీయాలి. అంతకు ముందు, ఆ కుర్రవాడితో కలిసి వాళ్ళ లంకకు వెళ్ళాలి.